శుభం పడిన తరవాత

సకుటుంబ చిత్ర పరిశీలనా సంఘం వారి హాల్లో సినిమా అయిపోయింది. అయిపోయిందని ముగ్గురు సభ్యుల్లో ఒక్కరికీ తెలియలేదు.

తెర మీద ఆఖరి పేరు కూడా పైకి వెళ్ళి మాయమైంది. తెర నల్లబడింది. ముగ్గురూ చేతులు కట్టుకుని, ఆ నల్లటి తెర వంకే శ్రద్ధగా చూస్తూ కూచున్నారు. వెనక వరసలో ఉన్న దర్శకురాలు అలివేణికి ముందు కాస్త సంతోషం కలిగింది. తన సినిమా వీళ్ళను కదల్లేకుండా చేసిందనుకుంది. కాసేపటికి అధ్యక్షులవారు వెనక్కి తిరిగారు.

"తరవాతి రీలు ఆలస్యమవుతోందేం?"

"అయిపోయిందండీ," అంది అలివేణి.

"శుభం పడలేదుగా."

"నా సినిమాలో శుభం లేదండీ."

"శుభం పడనిదే సినిమా అయినట్టు కాదమ్మా. లైట్లు వెయ్యరు. టీ రాదు."

అందులో అబద్ధమేమీ లేదు. ఆ సంఘం పద్ధతే అది. తెర మీద అందరూ నవ్వుతూ గ్రూపు ఫోటోలా నిలబడి, వాళ్ళ మీద శుభం అన్న అక్షరాలు పడగానే సభ్యులు లేచి నిలబడతారు. ఆపరేటరు లైట్లు వేస్తాడు. వెనక గదిలోంచి టీ బయల్దేరుతుంది. సంఘం పుట్టిన నాటి నుంచీ శుభానికి ముందు లేచిన సభ్యుడు లేడు, శుభం తరవాత కూచున్న సభ్యుడూ లేడు. "సభ్యులు శుభము వరకు చిత్రమును వీక్షించవలెను" అని నియమావళిలో ఉంది మరి. ఆ రోజు చీకట్లోనే చాలాసేపు గడిచాక, సభ్యురాలు అన్నపూర్ణాదేవిగారికి ఇంట్లో దీపం పెట్టే వేళయిందని గుర్తొచ్చి, ఈ ఒక్కసారికి శుభం పడినట్లు భావించాలని తీర్మానం ప్రవేశపెట్టారు. నర్సింలుగారు బలపరిచారు. ముగ్గురూ భావించారు. లైట్లు వెలిగాయి.

అధ్యక్షులు దక్షిణామూర్తిగారు నీటిపారుదల శాఖలో తూముల విభాగం చూసి రిటైరైన మనిషి. దేన్ని ఎక్కడ ఆపాలో, ఎంత వదలాలో తెలిసినవాడు కాబట్టే తనను సినిమాల మీద వేశారని ఆయన నమ్మకం. అన్నపూర్ణాదేవిగారు పెళ్ళి సంబంధాలు కుదిర్చే కేంద్రం నడుపుతారు. గట్టు నర్సింలుగారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు, ఇప్పటికీ కుర్చీలో కూడా సావధాన్‌లోనే కూచుంటారు. ముగ్గురూ చెడ్డవాళ్ళు కారు. నియమావళి దొరికిన మంచివాళ్ళు. అలాంటివాళ్ళతో వేగడం ఇంకా కష్టం.

సినిమా పేరు "రెండిళ్ళ పిల్ల." ఒక పళ్ళ డాక్టరు, ఒక ఈత టీచరు, ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరినొకరు కోరుకుని కాపురం పెట్టారు, కోయిల అనే పిల్లను తెచ్చి పెంచుకున్నారు. తరవాత పడలేదు, విడిపోయారు. పిల్ల ఎవరి దగ్గరుండాలి? దత్తత కాగితాల్లో ఉన్నది డాక్టరు పేరు. ఈత టీచరు కోర్టుకు పోతే "అసలు మీరెవరమ్మా" అన్నారు. అక్కడినుంచి పెనుగులాట. ఇద్దరూ పిల్లను చెరోవైపు లాగీ లాగీ, చివరికి పిల్లే అలిసిపోతోందని తెలుసుకుని, చెరో వారం ఉంచుకోవడానికి ఒప్పుకుంటారు. ఆఖరి దృశ్యంలో, పిల్ల ఒక ఇంటినుంచి రెండో ఇంటికి మారే రోజు పొద్దున్నే, గేటు దగ్గర నిలబెట్టి చెరో జడా వేస్తారు. పిల్ల స్కూలు బస్సు ఎక్కుతుంది. ఆడవాళ్ళిద్దరూ చెరో దారినా వెళ్ళిపోతారు. అంతే సినిమా.

అది అలివేణి సొంత కథేనని సినిమా వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. సంఘంలో తెలిసినవాళ్ళు లేరు.

"ఆరో నియమం," అని మొదలుపెట్టారు అధ్యక్షులు. "కుటుంబము కానిదానిని కుటుంబముగా చూపరాదు. ఈ స్త్రీలిద్దరూ కుటుంబము కారు. కావున వీరి కాపురము తొలగించవలెను."

"కాపురమే తీసేస్తే విడిపోయేదేముందండీ?"

"అక్కాచెల్లెండ్లను చెయ్యున్రి," అన్నారు నర్సింలుగారు సాయం చేస్తున్నట్టు. "ఒక్క డైలాగు మారిస్తె అయిపాయె."

"అక్కచెల్లెళ్ళకు విడాకులుండవు కదండీ."

"ఆస్తి పంపకాలు వెట్టున్రి."

"వాళ్ళు పంచుకునేది పిల్లనండీ."

పిల్ల మాట వినగానే అన్నపూర్ణాదేవిగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఆ పిల్ల మొహం చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయిందండీ అధ్యక్షా. మరి తొమ్మిదో నియమం సంగతేంటి? కుటుంబము విచ్ఛిన్నమైనట్లు చిత్రమును ముగించరాదు అని మనమే రాసుకున్నాం."

"అది కుటుంబాలకు. వీళ్ళు కుటుంబం కారని ఇప్పుడే తేల్చాం."

అలివేణి ఆ సందు పట్టుకుంది. "కుటుంబం కాకపోతే తొమ్మిదో నియమం వర్తించదు కదండీ. అంటే విడిపోవచ్చు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దక్షిణామూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. పూర్వం వరద వచ్చినప్పుడు కూడా ఆయన తూము పక్కన ఇలాగే కళ్ళు మూసుకుని నిలబడేవారట. తెరిచేసరికి మొహంలో నిశ్చింత కనిపించింది.

"రాసుకోండి. వివాహము జరగనిచోట విడాకులు సాధ్యము కావు. విడాకులు సాధ్యము కానిచోట విడిపోవుట సాధ్యము కాదు. విడిపోని ఇద్దరు కలిసి యున్నట్లే. కావున ఈ స్త్రీలిద్దరూ కలిసి కాపురము చేయవలెనని సంఘము ఆదేశించుచున్నది."

అలివేణి చెవులను నమ్మలేక ఇంకోసారి అడిగింది. "అంటే వాళ్ళ పెళ్ళి చెల్లదు."

"చెల్లదు."

"కాని విడిపోవడానికి వీల్లేదు."

"ససేమిరా వీల్లేదు."

"చెల్లని పెళ్ళిని కూడా నిలబెట్టడమేనమ్మా మన గొప్పతనం," అన్నారు అన్నపూర్ణాదేవిగారు తృప్తిగా. "చివర్లో అందరూ నవ్వుతూ నిలబడాలి, శుభం పడాలి."

అధ్యక్షులు టీ తాగుతూ ఇంకొక్కటి కలిపారు. "అన్నట్టు, ఆ గేటు దగ్గర పిల్లకు రెండు జడలూ సమానంగా లేవు. ఒకటి పైకి, ఒకటి కిందికి. సాంకేతిక లోపం. సరిచెయ్యండి."

*

ఆ జడలు లోపం కావు. అవి చినుకు జడలు.

చినుకు అలివేణి కూతురు. ఎడిటర్ సువర్ణ కూతురు కూడా. కలిసి ఉన్న పదేళ్ళలో, పిల్ల బళ్ళో చేరినప్పటినుంచీ, పొద్దున్నే బడికి ఆలస్యమవుతోందన్న కంగారులో ఇద్దరూ చెరో పక్కా కూచుని చెరో జడా వేసేవారు. అలివేణిది తెనాలి చెయ్యి, కళ్ళు పైకి లాక్కుపోయేటట్టు ఎత్తుగా, బిగుతుగా అల్లేది. గుంటూరు సువర్ణ జడ కింద మొదలై మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది. బళ్ళో పిల్లలు నవ్వినా చినుకు లెక్కచేసేది కాదు. నిరుడు ఇద్దరూ విడిపోయారు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెరో కారణం చెబుతారు, రెండూ నిజమే. అప్పటినుంచి ఏ ఇంట్లో ఉంటే ఆ అమ్మే రెండు జడలూ వేస్తోంది. జడలు సమానమయ్యాయి. పిల్ల మాట్లాడటం తగ్గించింది.

కాగితాల్లో చినుకు సువర్ణ కూతురే. అలివేణి పేరు ఎక్కడా లేదు. వారం విడిచి వారం పిల్ల ఆమె దగ్గరకు వస్తోందంటే అది కేవలం సువర్ణ పెద్దమనసు. అందుకు సువర్ణంటే అలివేణికి గౌరవం, అందుకే కాస్త కోపం కూడా.

ఆ సాయంత్రం ఎడిటింగ్ గదిలో సంఘం వారి ఆదేశం విని సువర్ణ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది.

"మా నాన్న చర్చికి రానివ్వలేదు, మీ అమ్మ గడప తొక్కనివ్వలేదు. వీళ్ళెవరో మనల్ని కాపురం చెయ్యమంటున్నారా? భలే వాళ్ళే."

"నవ్వకు. ఆ ముగింపు చినుకు చూస్తుంది."

సువర్ణ నవ్వు ఆగిపోయింది. చినుకు ఎప్పుడు సినిమాకెళ్ళినా హాలంతా ఖాళీ అయ్యేదాకా కదలదు. ఏ సినిమాకైనా సరే, ఎడిటర్‌గా తన సువ్వమ్మ పేరు రావచ్చని కూచుంటుంది. ఈ సినిమా కోసమైతే ఏడాదిగా ఎదురుచూస్తోంది. "వేణమ్మా, వాళ్ళిద్దరూ చివర్లో కలుస్తారా?" అని వారానికోసారి అడుగుతుంది. పిల్ల అడిగేది ఆ సినిమాలో వాళ్ళ గురించి కాదని అలివేణికి తెలుసు. "చూశాక నువ్వే చెబుదువులే," అని తప్పించుకుంటుంది. "కలవరమ్మా" అని చెప్పడానికి నోరు రాకే ఆమె ఆ సినిమా తీసింది. ఇప్పుడు ఆ సినిమా చేతనే పిల్లకు అబద్ధం చెప్పిస్తామంటున్నారు.

"పునఃపరిశీలన అడుగు," అంది సువర్ణ. "సినిమాలో ఆ ఇద్దరికీ ఎందుకు పడలేదో నచ్చజెప్పు. ఇన్నేళ్ళు నాకు చెప్పావుగా, వాళ్ళకూ చెప్పు."

*

నచ్చజెప్పడమే పొరపాటయింది. ఆ ఇద్దరికీ ఎందుకు పడలేదో చెప్పడం మొదలెట్టగానే సంఘం వారు నియమావళి మూసి పక్కన పెట్టారు. రచ్చబండ మొదలైంది.

"అసలు గొడవ ఎక్కడ మొదలైందమ్మా?" అన్నారు అన్నపూర్ణాదేవిగారు కుర్చీ ముందుకు జరుపుకుని. "ఆ తడి తువ్వాలు దృశ్యం మళ్ళీ వెయ్యమనండి."

వేశారు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశారు. ఈత టీచరు కొలను నుంచి వచ్చి తడి తువ్వాలు మంచం మీద పడేసి కూనిరాగం తీస్తూ వెళ్ళిపోతుంది. డాక్టరు వచ్చి చూసి, ఏమీ అనకుండా, పక్క దుప్పటి మొత్తం తీసి బయట పారేస్తుంది. అది రాసినప్పుడు అలివేణి ఎవరి తువ్వాలు రాసిందో చెప్పనక్కర్లేదు. తనకు ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

"మా పిల్ల పొద్దున్నే లేచి, వంట చేసి, పాపను తయారుచేసి, అంతమందికి పళ్ళు పీకి ఇంటికొస్తే మంచం మీద తడి తువ్వాలు. ఎవరు ఊరుకుంటారండీ?" అన్నారు అన్నపూర్ణాదేవిగారు.

డాక్టరు ఎప్పుడు "మా పిల్ల" అయిందో ఎవరూ అడగలేదు, ఎందుకంటే నర్సింలుగారు అప్పటికే అందుకున్నారు.

"మా పోరి ఏం జేసింది మేడమ్? తెల్లారకముందు నీళ్లల్ల దిగి పోరగాండ్లకు ఈత నేర్పి వస్తది. తువ్వాల తడవకుంట ఉంటదా?"

"చెప్పే తీరొకటుంటుంది, ఆరేసుకునే చోటొకటుంటుంది."

"గా తీరే మీ డాక్టరమ్మకు లేదు. ఎవ్వలన్న మాట్లాడితె నోరు తెరువుమన్నట్టు చూస్తది."

"పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా కూచున్నది మావాళ్ళు."

"సైకిలు నేర్పింది మావోల్లు. మోకాలు వగిలితె ముద్దు వెట్టింది మావోల్లు. పిల్ల మాదిక్కే ఉండాలె."

"కాగితాల్లో పేరెవరిది?"

"కాగితం అన్నం వెడ్తదా?"

తాను కోర్టులో అడగదలచుకుని ఎన్నడూ అడగని మాట డ్రిల్లు మాస్టరుగారు అంత గట్టిగా అడుగుతుంటే అలివేణికి కళ్ళు చెమర్చాయి. ఆ మాటకు తాను కూడా చప్పట్లు కొట్టబోయి ఆగింది.

ఆ తరవాతి సమావేశాలకు అన్నపూర్ణాదేవిగారు హాల్లో ఎడమవైపు, నర్సింలుగారు కుడివైపు కూచోవడం మొదలెట్టారు. టీ కూడా రెండు చోట్లకు వెళ్ళేది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, పక్కనే ఉన్న మనిషికి అధ్యక్షుల ద్వారా కబురు పంపేవారు. దక్షిణామూర్తిగారు అటొకసారి, ఇటొకసారి తిరిగి, "అటువైపు వారు ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టేవారు. మిగతా సినిమాలన్నీ ఆగిపోయాయి. బయట వరండాలో నిర్మాతలు పండగ సినిమాలు చేతిలో పట్టుకుని, లోపల ఎవరిదో సంసారం తెగట్లేదట అని చెప్పుకునేవారు.

చివరికి ఒక రాజీ కుదిరింది. డాక్టరు పడగ్గది కిటికీకి ఒక దండెం కట్టించాలి. ఈత టీచరు తువ్వాలు దాని మీదే ఆరెయ్యాలి. డాక్టరు కోపం వస్తే నోటితో చెప్పాలి, దుప్పట్లు పారెయ్యకూడదు. పిల్ల ఇద్దరి దగ్గరా ఉండాలి, అందుకోసం ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి.

ఒక్క దండెం కట్టుకుని ఉంటే మాకూ సరిపోయేదా అని అలివేణికి ఒక్క క్షణం అనిపించింది. సరిపోయేది కాదు. దండెం కట్టాక ఇంకోదానికి దెబ్బలాడుకునేవాళ్ళు. ఆ సంగతి వీళ్ళకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"ఇక ముగింపులో గ్రూపు ఫోటో," అన్నారు అధ్యక్షులు. "పదకొండో నియమం. శుభము వేళ ఇరుపక్షాల పెద్దలు తప్పనిసరిగా ఉండవలెను."

"పెద్దలు లేరండీ. కథలో ఇద్దరి తల్లిదండ్రులూ గుమ్మంలోంచే పంపేశారు. వాళ్ళు ఇక రారు."

"పెద్దలు లేకుండా శుభం ఎలా వేస్తారు? అది చెల్లదు."

అన్నపూర్ణాదేవిగారు పమిట సర్దుకున్నారు. "పాపం, కన్నవాళ్ళే కాదన్నారు. మా డాక్టరు పిల్ల తరఫున నేను నిలబడతాను లెండి."

"గట్లయితె మా పిల్ల దిక్కు నేనుంట," అన్నారు నర్సింలుగారు వెంటనే.

*

షూటింగ్ రోజున అన్నపూర్ణాదేవిగారు కంచిపట్టు చీర కట్టుకుని, పళ్ళెంలో అక్షింతలు కలుపుకుని వచ్చారు. నర్సింలుగారు తలపాగా చుట్టుకున్నారు. వెంట చుట్టాలను కూడా తెచ్చుకున్నారు, మగపెళ్ళివారి వైపు జనం పల్చగా కనబడకూడదని. ఎవరు మగపెళ్ళివారో, ఎవరు ఆడపెళ్ళివారో తేలక కొంతసేపు షూటింగ్ ఆగింది. ఎదురుకోళ్ళు ఎవరు ఎవరికి చెయ్యాలి అన్నది సమస్య. చివరికి ఒకరికొకరు చేసుకున్నారు.

డాక్టరు వేషం వేసిన అమ్మాయి గడ్డం పట్టుకుని అన్నపూర్ణాదేవిగారు, "ఇకనైనా కీచులాడుకోకుండా ఉండండమ్మా. మనిషి దొరకడమే కష్టమీ రోజుల్లో. నా కేంద్రంలో చూస్తున్నాగా," అన్నారు. కెమెరా అప్పటికింకా తిరగడం లేదు. ఆ పెద్దావిడ నటించడం లేదని చూసి అలివేణి తల తిప్పుకుంది. తానూ సువర్ణా కాపురం పెట్టిన నాడు తమ నెత్తిన అక్షింతలు వేసినవాళ్ళు లేరు. ఒక్కరైనా ఇలా గడ్డం పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో.

గ్రూపు ఫోటోకు ముందు ఎవరో ఒకరు ఒక జోకు వెయ్యాలి, అందరూ గొల్లున నవ్వాలి, అక్కడ బొమ్మ ఆగిపోవాలి. ఆ భారం అధ్యక్షులు తీసుకున్నారు. "తూము, కాపురం, రెండూ ఒకటే. నీళ్ళు ఆగితే గండి, వదిలితే వరద," అన్నది ఆయన జోకు. ఎవరికీ నవ్వు రాలేదు. మళ్ళీ చెప్పారు. నర్సింలుగారు జనాన్ని వరసలో నిలబెట్టి, తాను ఈల వేస్తే నవ్వాలని తర్ఫీదిచ్చారు. ఈల వేశారు. అందరూ సావధాన్‌లో నిలబడి నవ్వారు. బొమ్మ ఆగింది.

ఆ బొమ్మను ఎడిటింగ్ గదిలో తెర మీద చూసి అలివేణి ఏడ్చింది.

"ఏడవకు. నీకు ఏడుపు నప్పదు," అంది సువర్ణ. "బాగానే వచ్చింది. నాకే ఇద్దరూ కలిస్తే బాగుణ్ణనిపిస్తోంది."

"అదేగా నా బాధ. చినుకు నమ్మేస్తుంది సువర్ణా. రేపు ఇంటికెళ్ళి నీ బట్టలు సర్దుతుంది, మా ఇంటికి తెద్దామని."

సువర్ణ కాసేపు తెర వంక చూసింది. బొమ్మను వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. "వాళ్ళు శుభం పడగానే లేస్తారన్నావు కదూ?"

"లేస్తారు. లైట్లు, టీ."

"ఒక్కడన్నా కూచోడూ?"

"సంఘం చరిత్రలో లేదట."

"అయితే గేటు దృశ్యం పారెయ్యకు," అంది సువర్ణ.

*

మూడోసారి ప్రదర్శన వేశారు. ముగ్గురూ మళ్ళీ పక్కపక్కనే కూచున్నారు. వియ్యంకులయ్యాక అలక దేనికి? ఈల వినిపించింది, తెర మీద జనం గొల్లున నవ్వారు, శుభం పడింది. ముగ్గురూ లేచారు. లైట్లు వెలిగాయి. టీ బయల్దేరింది.

అలివేణికి మనస్సాక్షి ఊరుకోలేదు. "శుభం తరవాత ఇంకా ఉందండీ," అంది లేచి నిలబడి. "పేర్లవీ."

"శుభం తరవాత మాకు సంబంధం లేదమ్మా," అన్నారు అధ్యక్షులు కప్పు అందుకుంటూ. "సకుటుంబ సపరివారంగా చూడదగిన చిత్రమని రాస్తున్నాం. మిమ్మల్ని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి."

విడుదల రోజు ఉదయం ఆటకు ముగ్గురు సభ్యులూ బంధువులతో సహా వచ్చి మూడు వరసలు నింపేశారు. వెనక వరసలో చినుకు మధ్యలో, అమ్మలు చెరోవైపు. ఆ వారం చినుకు అలివేణి ఇంట్లో ఉంది కాబట్టి రెండు జడలూ ఎత్తుగా, బిగుతుగా ఉన్నాయి. కోయిల కోర్టు వరండాలో కూచున్నప్పుడు చినుకు ఊపిరి బిగబట్టింది. తడి తువ్వాలు వచ్చినప్పుడు వేణమ్మ వంక ఓరగా చూసింది. గ్రూపు ఫోటోలో అధ్యక్షులవారు కనబడగానే ముందు వరసల్లో ఈలలు మోగాయి. శుభం పడింది.

హాలంతా లేచింది. చినుకు మొహం వెలిగిపోయింది. రెండు చేతులతో ఇద్దరు అమ్మల చేతులూ పట్టుకుంది.

"చూశారా? కలిసిపోయారు. నేను చెప్పలా?"

అలివేణికి లేచి ఆ తెర చింపెయ్యాలనిపించింది. ఈ ఒక్క నిమిషం గడవడం ఇంత కష్టమని ఆమె అనుకోలేదు.

"ఉండు, నా పేరు రావద్దూ?" అంది సువర్ణ నెమ్మదిగా.

పేర్లు పైకి వెళ్తున్నాయి. జనం మెట్లు దిగిపోయారు. గుమ్మం దాకా వెళ్ళి అభినందనలు అందుకున్న దక్షిణామూర్తిగారు మాత్రం వెనక్కి వచ్చారు. తెర మీద తమ పేరు పడటం చూసి రమ్మని ఆయన భార్య పంపింది. సువర్ణ పేరు వచ్చింది. చినుకు పైకి చదివింది. ఆ తరవాత ఆయన పేరు వచ్చింది. ఆయన లోపల చదువుకున్నారు. వెళ్ళబోతుండగా తెర నల్లబడి, "నిజంగా జరిగింది" అన్న రెండు మాటలు కనిపించాయి.

తెర మీద తెల్లవారింది. గేటు దగ్గర కోయిల నిలబడి ఉంది, పక్కన బట్టల సంచీ. డాక్టరు ఒక జడ వేస్తోంది, ఈత టీచరు ఒక జడ వేస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. రబ్బరు బ్యాండు ఒకటే ఉంటే ఈత టీచరు తన జుట్టుకున్నది తీసి ఇచ్చింది.

దక్షిణామూర్తిగారు నడవలో నిలబడిపోయారు. "ఇది మేం చూడలేదే," అన్నారు అలివేణి వైపు తిరిగి.

"శుభం తరవాతదండీ. మీకు సంబంధం లేదన్నారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. చాలాసేపే మూసుకున్నారు. "శుభముతో చిత్రము సమాప్తము. సమాప్తమైన పిమ్మట చిత్రము లేదు. లేనిదానిని ఆపుటకు సంఘమునకు అధికారము లేదు," అన్నారు తనలో తాను. కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశారు. "లేనిదాన్ని చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు." వాళ్ళ వెనక వరసలో కూచున్నారు. సంఘం చరిత్రలో శుభం తరవాత కూచున్న మొదటి సభ్యుడు ఆయనే.

తెర మీద బస్సు వచ్చింది. కోయిల ఎక్కింది. కిటికీలోంచి ఒక జడ పైకి, ఒక జడ కిందికి కనబడ్డాయి. బస్సు వెళ్ళాక ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని, తల ఊపి, చెరో దారినా వెళ్ళిపోయారు.

ఈసారి నిజంగానే అయిపోయింది. హాల్లో లైట్లు వెలిగాయి.

"అయితే కలవరన్నమాట," అంది చినుకు తెర వంక చూస్తూనే.

"కలవరమ్మా," అంది అలివేణి. ఏడాదిగా మింగుతూ వచ్చిన మాట అది. "కాని ఇద్దరం ఉంటాం."

చినుకు కుడివైపు జడకున్న రబ్బరు బ్యాండు లాగేసింది. బిగుతుగా ఉన్న పాయలన్నీ వేళ్ళతో విప్పుకుంది. తల సువర్ణ వైపు వాల్చి, "ఇది నువ్వెయ్యి," అంది.

సువర్ణ వేసింది. ఎప్పట్లాగే కిందికి, వదులుగా.

వెనక వరసలోంచి దక్షిణామూర్తిగారు ముందుకు వంగి చూశారు. ఆయన ముక్కు ఎర్రగా ఉంది. "రెండూ సమానంగా లేవమ్మా," అన్నారు అలవాటు కొద్దీ.

"తెలుసు తాతగారూ," అంది చినుకు. "ఉండనివ్వండి."